కళ్ళు మూసుకున్న శనివారం

ఫిబ్రవరి 14, 1998. శనివారం

సాయంత్రం స్త్రీల సమాజం నడుస్తుండగా చర్చి ఎదురుగా బస్సులు ఆగే చోట ఆదెన్నను చంపారు. మేమంతా ప్రార్థనలో ఉన్నాం. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఆరాధన జరగలేదు. జమ్మలమడుగు నుంచి వచ్చిన ఎస్సై బూట్లు విప్పకుండానే చర్చిలోకి వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి, "ఈడ్నుంచి అంతా బాగా కనపడతాది గదప్పా" అన్నాడు. కిటికీకి అవతల రోడ్డు, రోడ్డు పక్కన తూము, తూము పక్కన బస్సు ఆగే చోటు. చీపురు పుల్ల కింద పడినా కనిపిస్తుంది.

మా పాస్టరు జోసఫ్ అయ్యగారు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "బాంబు పేలంగానే మోకాళ్ళ మింద ఉంటిమి సార్. కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తాంటిమి. మా ఆడోళ్ళు ఎవురూ ఏమీ చూల్లేదు."

ఎస్సై ఒక్కొక్కరినీ అడిగాడు. ఒక్కొక్కరూ "ప్రార్థనలో ఉంటి సార్" అన్నారు. నా వంతు వచ్చినప్పుడు, టీచరును కదా, "ప్రార్థనలో ఉన్నానండీ" అని శుభ్రమైన తెలుగులో అన్నాను.

ఇది మా సంఘంలో ఆనవాయితీ. ఊళ్ళో బాంబు పేలితే తక్కినవాళ్ళు తలుపులేసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంటారు. మేము అబద్ధమాడకూడదు కాబట్టి మోకరిస్తాం. కళ్ళు మూసుకున్నవాడు చూడలేదని చెబితే అది అబద్ధం కాదు. పాత అయ్యగారి కాలంలో, పంచాయతీ ఎన్నికల గొడవల్లో మొదలైంది. "ప్రార్థనకు వంగండి" అని వేళకాని వేళ వినబడితే రక్తం పడబోతోందని మా చంటిపిల్లలకు కూడా తెలుసు. ఇన్నేళ్ళలో ఇందులో నాకు ఏ తప్పూ కనిపించలేదు.

ఎస్సై పోయాక బూట్ల మట్టి నాపరాళ్ళ మీద మిగిలింది. తడిగుడ్డతో నేనే తుడిచాను. ఆదెన్న చెప్పు ఒకటి తూము దగ్గర ఇంకా పడే ఉంది. బోర్లా పడినప్పుడు ఊడిపోయింది.

బోర్లా పడ్డాడని ఎవరో అనుకుంటుంటే విన్నాను.

ఫిబ్రవరి 18, బుధవారం

బడి నుంచి వచ్చేసరికి నా చెల్లెలు కుమారి అరుగు మీద కూర్చుని ఉంది. దేవకుమారి అని నాయన పెట్టిన పేరు. ఊరంతా ఇమ్మానుయేలు తల్లి అంటారు, నేను మాత్రం కుమారీ అంటాను. మొహం పీక్కుపోయింది. మంచినీళ్ళు ఇస్తే చెంబు పట్టుకునే కూర్చుంది.

"అక్కా, ఆ పొద్దు నువ్వు కండ్లు మూసుకొనే ఉంటివి గదా?"

"మూసుకునే ఉన్నా."

చాలాసేపు నా మొహం చూసింది. ఆ చూపుకు నాకు చిరాకేసింది. "ఇమ్మానుయేలు యాడ?" అని అడిగాను.

"పులివెందుల పోయినాడు. చీనీతోటలో కావలి పని ఉందంట."

ఎప్పుడు పోయాడని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. పోయేటప్పుడు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కుమారికి చిన్నప్పటి నుంచీ అంతే, దేనికైనా ముందు కన్నీళ్ళు వస్తాయి, తరవాత కారణం వెతుక్కుంటుంది.

ఫిబ్రవరి 20

కూర మాడింది. తిన్నాను.

ఫిబ్రవరి 23, సోమవారం

షరీఫ్‌ను పట్టుకుపోయారు. చర్చికి ఎదురుగా పంక్చర్లు వేసుకునే షరీఫ్. వాడు కత్తి పట్టుకుని కొత్తిమీర కూడా కోసి ఉండడు.

ఎట్లా జరిగిందో అందరికీ తెలుసు. ఆదెన్న గొర్లు కాసుకునే మనిషైనా ఎన్నికలప్పుడు కిందివీధి పార్టీకి పోలింగు బూతులో ఏజెంటుగా కూర్చునేవాడు. చంపించింది పైవీధి ఆయన. ఆ పేరు నేను రాయను, ఊళ్ళో ఎవరూ పలకరు. ఫిర్యాదు రాసింది ఆదెన్న భార్య సంజీవమ్మ కాదు, కిందివీధి నాయకులు. వాళ్ళకు పడనివాళ్ళ పేర్లన్నీ వరసగా అందులో ఎక్కించారు. మొన్న ఎన్నికల్లో షరీఫ్ పైవీధి పార్టీ తరఫున బూతులో కూర్చున్నాడు, అందుకని వాడి పేరు కూడా పడింది. పైవీధి వాళ్ళు వాడిని విడిపించడానికి వేలు కూడా కదపరు. నరికినవాళ్ళ బదులు ఎవడో ఒకడు లోపల ఉంటే వాళ్ళకు మంచిదే కదా.

ప్రొద్దుటూరు సబ్‌జైల్లో పెట్టారట. జీపు ఎక్కేటప్పుడు షరీఫ్ మా చర్చి వైపు చూశాడని మా సంఘం తిరుపాలమ్మ చెప్పింది. చర్చిని ఎందుకు చూస్తాడు, వాడు తురకోడు కదా అని తిరుపాలమ్మకు ఆశ్చర్యం.

నాకు లేదు.

ఫిబ్రవరి 26, గురువారం

సరే. రాస్తాను. ఈ డైరీని ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టి తాళం వేస్తున్నాను. ఎవరు చదువుతారని? చదివేవాడు నేను రాయకముందే చదివేశాడు.

మొదటి బాంబుకు అయ్యగారు ప్రార్థనకు వంగమన్నాడు. అందరితో పాటు మోకరించాను. కళ్ళు మూశాను. బయట ఒక మనిషి అరిచాడు. కళ్ళు తెరుచుకున్నాయి.

తెరుచుకున్నాయి అని రాస్తే తప్పు కళ్ళదైనట్టు ఉంది. నేను తెరిచాను. చూడాలనిపించింది, చూశాను.

ఆదెన్న తూము మీద బోర్లా పడి ఉన్నాడు. చుట్టూ నలుగురు. ముగ్గురు బయటి ఊరివాళ్ళు, నాకు తెలియదు. నాలుగోవాడు ఆదెన్న కాళ్ళు పట్టుకుని ఉన్నాడు. గొర్రెను కోసేటప్పుడు పట్టుకుంటారే, అట్లా. వాడు ఇమ్మానుయేలు. నా చెల్లెలి కొడుకు. నా చేతుల మీద బలపం పట్టినవాడు, సండే స్కూల్లో ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడినవాడు.

షరీఫ్ రోడ్డుకు అవతల తన షాపులో సైకిలు ట్యూబు పట్టుకుని కొయ్యబారి ఉన్నాడు. తరవాత కూలబడి కక్కుకున్నాడు. అక్కడి నుంచి పారిపోకపోవడమే వాడు చేసిన తప్పు.

షరీఫ్ ఆ నలుగురిలో లేడని నేను చెప్పగలను. చెబితే, ఎవరున్నారమ్మా అని అడుగుతారు. సగమే చూశానని ఎట్లా చెప్పను?

నా చెయ్యి వాసన వేస్తోంది. సబ్బుతో రుద్దినా పోవడం లేదు. ఆదెన్నను ముట్టుకున్నది నేను కాదు కదా.

మార్చి 1, ఆదివారం

ప్రభు సంస్కారం, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారం. ఎవరిని వాళ్ళు పరీక్షించుకుని రండి అని అయ్యగారు ఎప్పటిలాగే అన్నాడు. నేను లేవకూడదనుకున్నాను. లేచాను. లేవకపోతే టీచరమ్మ ఎందుకు తీసుకోలేదని తిరుపాలమ్మ చూస్తుంది. దేవుడు చూస్తున్నాడన్న భయం కంటే తిరుపాలమ్మ చూస్తుందన్న భయం నాకు ఎక్కువ. రొట్టె ముక్క నోట్లో నానకుండా అంగిట్లో అంటుకుపోయింది. ఇంటికొచ్చి వేలు పెట్టి గీకాను.

ఛీ.

మార్చి 5, గురువారం

గోడ మీద పలకను తిప్పి పెట్టాను. మా ఆయన యోబు బతికుండగా ప్రొద్దుటూరులో వడ్రంగితో చేయించిన పలక అది. "ఈ ఇంట ఆయన చూడని మూల లేదు" అని నీలం అక్షరాలు. పెళ్ళైన కొత్తలో అది చూస్తే ధైర్యంగా ఉండేది. తిప్పితే వెనక బల్లి గుడ్లు, సాలెగూడు. మళ్ళీ ముందుకు తిప్పాను. బల్లి గుడ్లకంటే అక్షరాలు నయం అనుకున్నాను. నయమేమీ కాదు.

బడిలో ఇన్నేళ్ళూ నేను చేసిన పని ఒకటే. చింతకాయలు దొంగిలిస్తే దేవుడు చూస్తాడు రా, పక్కవాడి పలక చూసి రాస్తే దేవుడు చూస్తాడు రా. ఆయన్ను బడికి కావలివాడిగా పెట్టి నేను హాయిగా కుర్చీలో కునుకు తీశాను. ఇప్పుడు ఆయన నా ఇంట్లో చేరి కూర్చున్నాడు. స్నానం చేస్తుంటే చూస్తాడు. అన్నం కలుపుతుంటే చూస్తాడు. షరీఫ్ పెళ్ళాం మైమూన్ వీధిలో ఎదురైతే నేను సందు తిరిగి పోవడం చూస్తాడు. తలుపు లేని దొడ్లో కాపురం ఉన్నట్టుంది. ఆయన మీద నాకు భక్తి రావడం లేదు, రోత పుడుతోంది. ఇట్లా రాయకూడదని తెలుసు. రాయకపోతే మాత్రం తెలియకుండా పోతుందా?

మార్చి 8, ఆదివారం

మధ్యాహ్నం ఇమ్మానుయేలు వచ్చాడు. సంచి నిండా చీనీకాయలు.

"పెద్దమ్మా, పులివెందుల కాయలు. నీకు శానా ఇష్టమని ఏరి తెచ్చినా."

వాడి చేతుల వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. గోళ్ళు కత్తిరించుకుని ఉన్నాడు. ఆ చేతులతోనే ఒక కాయ వలిచి తొనలు నా అరచేతిలో పెట్టాడు. తిన్నాను. తీయగా ఉంది. తీయగా ఉన్నందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

అన్నం పెట్టాను. పలక కింద కూర్చుని తిన్నాడు. తినే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు, నేను నేర్పినట్టే, పెదాలు కదిలిస్తూ. కూరన్నం అయ్యాక తల ఎత్తకుండా అడిగాడు.

"పెద్దమ్మా, ఊర్లో ఏమనుకుంటాండారు?"

"షరీఫ్ చంపినాడనుకుంటాండారు."

"పాపం షరీఫన్న" అన్నాడు. నిజంగా పాపం అన్నట్టే అన్నాడు. "నేను బండి తోలేకే పోతి పెద్దమ్మా. బండి తోలితే చాలు అన్యారు. ఆడికి పోయినాక కాళ్ళు పట్టుకోమన్యారు."

నేను వినలేదు. అంటే విన్నాను, వినలేదన్నట్టు చారు గిన్నె తేవడానికి లోపలికి పోయాను. పొయ్యి దగ్గర నిలబడి, కళ్ళు మూసుకోవడమే కాదు, చెవులు మూసుకోవడం కూడా నాకు వచ్చేసిందే అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి వాడు చెయ్యి కడుక్కుంటున్నాడు. పోతూ పోతూ కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాను. కాళ్ళు పట్టుకోవద్దు రా అన్నాను. వాడు నన్ను చూశాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

చీనీకాయలు పందులకు వేశాను. రెండు ఉంచుకున్నాను.

మార్చి 14, శనివారం

స్త్రీల సమాజం. కుమారి మళ్ళీ అడిగింది, చాప దులుపుతూ, ఎవరికీ వినబడకుండా. "కండ్లు మూసుకొనే ఉంటివి గదక్కా?"

"ఎన్నిసార్లు చెప్పాలే?" అని కసురుకున్నాను.

కొడుకును కాపాడుకోవడానికి నా చుట్టూ తిరుగుతోంది, నా నోటికి తాళం పడిందో లేదో వచ్చి వచ్చి చూసుకుంటోంది. తల్లి కదా అని ఊరుకోవాలి. ఊరుకోలేను. అసహ్యం వేస్తోంది. ప్రార్థనలో అందరికంటే పెద్దగా ఏడ్చింది ఆమే.

మార్చి 19, గురువారం

మైమూన్ బడికే వచ్చింది. ఇంటర్వెల్లో పిల్లలు బయట ఉన్నారు. నేను సందు తిరిగి పోవడానికి లేకపోయింది.

"టీచరమ్మా, వకీలు చెప్పినాడు. చార్జిషీటు పడకముందే ఎవురైనా ఒకరు జమ్మలమడుగు కోర్టుకు పోయి, మేజిస్ట్రేటు ముందర, షరీఫ్ లేడు అని చెప్తే సాలంట. పేరు తీసేస్తారంట. పడినాక ఇంగ కష్టమంట."

"నన్నెందుకు అడుగుతావు మైమూన్? మేము ప్రార్థనలో..."

"తెలుసు టీచరమ్మా. కండ్లు మూసుకొనింటిరి." ఆమె గొంతులో వెటకారం వెతికాను. లేదు. నిజంగా నమ్మింది. "మీరు అబద్ధం చెప్పరు గదా. దేవుడు చూస్తాండాడని భయపడే మనుషులు. అందుకే అడగడానికి మనసొప్పలా. అయినా వచ్చినా. ఒకవేళ ఎవురైనా, ప్రార్థన మధ్యలో..."

గంట కొట్టమని పిల్లవాడిని కేకేశాను. ఇంటర్వెల్ ఇంకా అయిపోలేదు.

మార్చి 27, శుక్రవారం

బావి దగ్గర సంజీవమ్మ. నన్ను చూసి బిందె దించింది. "నా మొగున్ని ఎవురు చంపినారో నాకు తెల్దు టీచరమ్మా. వాళ్ళు రాసుకొచ్చినారు, నేను ఏలిముద్ర ఏసినా. ఆ షరీఫ్ మా గొర్లకు నీళ్ళు పెట్టేటోడు. వాని పేరు యాల రాసినారో."

"పోయి ఆ మాట చెప్పు" అన్నాను.

"నేను చూసినానా ఏమన్నా?"

నన్ను సూటిగా చూస్తూ అంది. లేక నాకే అట్లా అనిపిస్తోందో. ఈ మధ్య అందరి కళ్ళూ నావైపే ఉన్నట్టుంది. కోడి కన్ను కూడా.

ఏప్రిల్ 10, శుభ శుక్రవారం

పైవీధి ఆయన చర్చికి కొత్త మైకుసెట్టు ఇచ్చాడు. జోసఫ్ అయ్యగారు దాన్ని ముట్టుకుని ముట్టుకుని చూసుకున్నాడు. దేవుడు మన అక్కరలు ఎరిగినవాడు అని ఆ మైకులోనే స్తోత్రం చెప్పాడు. ఊరంతా వినిపించింది. షరీఫ్ షాపు మూసిన తలుపులకు కూడా వినిపించి ఉంటుంది.

సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలకూ ఏడుగురు లేచారు. ఐదో మాట నాది. దాహం గురించి చెప్పాలి. ప్రతి ఏడాదీ బాగా చెబుతానని పేరు. ఈ ఏడు కూడా బాగానే చెప్పాను. ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. చెబుతుంటే లోపల ఒక మాట నడుస్తూనే ఉంది: నటిస్తున్నావు విజయమ్మా, ఆయన చూస్తున్నాడు, ఇంత బాగా నటిస్తున్నావని కూడా చూస్తున్నాడు. అది తెలిసి గొంతు వణికింది. ఆ వణుకుకు జనం ఇంకా ఏడ్చారు.

ఇంటికొచ్చి తిన్నదంతా కక్కాను. ఉపవాసం ఉండాల్సిన రోజు, తిన్నాను కదా. అది కూడా రాస్తున్నాను, ఏం పోయింది.

ఏప్రిల్ 16, గురువారం

పోతాను. నిశ్చయించుకున్నాను. మంగళవారం కోర్టు ఉంటుందట. ఊరిలో ఎవరికీ అనుమానం రాకుండా జమ్మలమడుగులో కళ్ళు చూపించుకోవాలని చెప్పాను. అబద్ధం కాదు, నిజంగానే చూపు మసక బారుతోంది.

ఇమ్మానుయేలు జైలుకు పోతాడు. లేదా పైవీధి వాళ్ళే వాడి నోరు మూయిస్తారు. కుమారి నా మొహం చూడదు. ఈ ఊళ్ళో నాకు నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు. అన్నీ ఆలోచించాను. పోతాను.

ఏప్రిల్ 20

రేపు.

ఏప్రిల్ 21, మంగళవారం

పొద్దున మొదటి బస్సుకే జమ్మలమడుగులో దిగాను. కోర్టుకు ఒక దారి, కంటి ఆసుపత్రికి ఒక దారి. కళ్ళు చూపించుకుంటానని చెప్పి వచ్చాను, చూపించుకోకుండా పోతే అబద్ధమవుతుంది అనుకున్నాను. నిజాయితీగా అనుకున్నానని రాయబోయాను. కాదు.

ఆసుపత్రిలో చుక్కలు వేసి బల్ల మీద కూర్చోబెట్టారు. కళ్ళు మూసుకునే ఉండాలమ్మా, మందు పనిచేయాలి అని నర్సు చెప్పింది. నేను ఆ బల్ల మీద ఎంత విధేయంగా కళ్ళు మూసుకున్నానో చెప్పలేను. నర్సు రెండోసారి వేసింది. వేయకండి, పని ఉంది అని నేను అనలేదు. డాక్టరు చూసి, ఈ పూటంతా ఎండ చూడొద్దు, మసకగా ఉంటుంది అన్నాడు. సరేనండీ అన్నాను. టీ తాగాను. టీ బాగాలేదని ఇంకోచోట తాగాను.

కోర్టు దగ్గరికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. అంతా తెల్లగా, కరిగినట్టుగా ఉంది. వరండాలో మనుషులు మచ్చల్లా కనబడుతున్నారు. ఒక గుమ్మంలోంచి ఇద్దరు ఆడవాళ్ళు బయటికొచ్చారు. మొహాలు ఆనలేదు. ఒకామె నల్లని బురఖా. రెండో ఆమె నడక చూడగానే నాకు తెలిసిపోయింది. ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తూ నడుస్తుంది, చిన్నప్పుడు చెట్టు మీంచి పడినప్పటి నుంచీ. నేనే ఎక్కించాను ఆ చెట్టు.

కుమారి.

బురఖాలో ఉన్నది మైమూన్. కుమారి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. కుమారి ఏడవడం లేదు.

"ఏంది కుమారీ, ఈడ?" అన్నాను.

"చెప్పినా అక్కా" అంది. "నలుగురిని చూసినానని చెప్పినా. షరీఫ్ లేడని చెప్పినా. కాళ్ళు పట్టుకున్నోడు నా కొడుకని చెప్పినా. రాసుకొని చదివి వినిపించినారు. సంతకం పెట్టినా."

అప్పుడు నాకు ఏమనిపించిందో రాయాలి. ఈ డైరీలో ఒక్క నిజమైనా ఉండాలి కదా. ఊపిరి ఆడింది. ఇంక నేను చెప్పక్కర్లేదని నా ఒళ్ళంతా తేలిక పడింది. కొడుకును అప్పగించి వచ్చిన తల్లి నా ముందు నిలబడి ఉంటే, బరువు దిగిన గాడిదలా నా ఒళ్ళు సంతోషపడింది. దాన్ని ఆయన చూశాడు. వేరే ఎవరూ చూడలేదనుకున్నాను.

బస్సులో ఇద్దరమే ఒక సీట్లో. ఎర్రగుంట్ల సిమెంటు లారీలు దుమ్ము కొడుతుంటే కుమారి కిటికీ అద్దం వేసింది. చాలా దూరం పోయాక అంది.

"ఆ పొద్దు నువ్వు కండ్లు తెర్చినావు అక్కా. నేను చూసినా. నేను కండ్లు తెర్చినప్పుడు నీ కండ్లు కిటికీలో ఉండె."

నేను టికెట్టును వేలికి చుట్టుకున్నాను.

"వచ్చి వచ్చి అడిగినా గదా, మూసుకొనే ఉంటివా అని. లేదే, తెర్చినా అంటావేమో అని అడిగినా. నువ్వు పెద్దదానివి. టీచరువి. నువ్వు పోయి చెప్తావులే అనుకొన్నా. నువ్వు చెప్పింటే నేను నిన్ను తిట్టుకుంటా, శాపనార్థాలు పెట్టుకుంటా, వానికి తల్లి మాదిరి ఉండొచ్చు గదా అక్కా. అదొక్కటే నేను నిన్ను అడిగింది."

ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నను తాళం అనుకున్నాను. తలుపు తీయమని ఆమె కొడుతోంది.

నేను ఏం జవాబు చెప్పానో ఇక్కడ రాస్తున్నాను, ఎప్పుడైనా నన్ను నేను మంచిదాన్ని అనుకుంటే చదువుకోవడానికి.

"మందు వేశారు కుమారీ. ఏమీ కనబడటం లేదు" అన్నాను.

ఏప్రిల్ 23

ఇమ్మానుయేలును పులివెందులలో పట్టుకున్నారు. బతికే ఉన్నాడు. కుమారి ఇంటి మీద రాళ్ళు వేశారు. పైకప్పు రేకు పగిలింది.

నేను పోలేదు.

ఏప్రిల్ 25, శనివారం

స్త్రీల సమాజం. కుమారి మోకరించే చోటు ఖాళీ. దాని మీద ఎవరూ కూర్చోలేదు, జరిగి జరిగి కూర్చున్నారు.

జోసఫ్ అయ్యగారు మైకు లేకుండా, మెల్లగా మాట్లాడాడు. మన సోదరికి మతి చలించింది, ఎవరో ఏదో చెప్పి పంపించినారు, ఆమె కోసరం ప్రార్థన చేద్దాం అన్నాడు. తరవాత అసలు మాటకొచ్చాడు. షరీఫ్ వకీలుకు ఒక్క మనిషి మాట చాలదట. తల్లి మాట మతిలేని మాటని అవతలి వకీలు కొట్టిపారేస్తే షరీఫ్ పేరు చార్జిషీటులో పడనే పడుతుందట. పోలీసులు మళ్ళీ మనల్ని అడగడానికి వస్తారు. "మనమందరం ఆ పొద్దు కండ్లు మూసుకొనే ఉంటిమి. అంతే గదమ్మా?"

"ఆమెన్" అన్నారు ఒకరిద్దరు.

"నేను తెరిచే ఉన్నాను అయ్యగారూ" అన్నాను.

మోకాళ్ళ మీద ఉండే అన్నాను. "కుమారి కూడా తెరిచే ఉంది. నన్ను చూసింది. ఆమెకు మతి బాగానే ఉంది."

ఆ మాట అనగానే నాకు లోపల చల్లగా, గొప్పగా అనిపించింది. ఈ ఊళ్ళో నిజం చెప్పినదాన్ని నేనే అన్నట్టు. చెల్లెలు కడుపు కోసుకుని చెప్పిన నాలుగు రోజుల తరవాత నేను గొప్పపడ్డాను. అది కూడా ఆయన చూశాడు.

వెనక నుంచి తిరుపాలమ్మ గొంతు వచ్చింది. బాప్తిస్మం తీసుకుని ముప్పై ఏళ్ళైనా పేరు మార్చుకోని మనిషి, పేరులాగే మాట కూడా మార్చదు.

"నేను గూడా చూసినాలే టీచరమ్మా. నీకొక్కదానికేనా దేవుడు కండ్లిచ్చింది?"

ఎవరూ నవ్వలేదు. ఎవరూ కాదనలేదు. తలలు వంచుకుని ఉన్న ఆడవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ చూశాను. ఒక్కతి కూడా నా కళ్ళలోకి చూడలేదు. అందరూ చూశారు ఆ రోజు. అయ్యగారు చేతిలో పుస్తకాన్ని తెరుస్తూ మూస్తూ నిలబడ్డాడు. ఆయన నిలబడే చోటు కిటికీకి అందరికంటే దగ్గర.

అక్కడి నుంచి కుమారి ఇంటికి పోయాను. పగిలిన రేకు కింద కూర్చుని చెనిక్కాయలు వలుస్తోంది. తల ఎత్తలేదు.

"మళ్ళీ అడుగు కుమారీ" అన్నాను.

"ఏంది?"

"ఎప్పుడూ అడిగేది. కండ్లు మూసుకొనే ఉంటివా అని."

చేటను దగ్గరికి లాక్కుంది. "ఇంగ నేను అడిగేది లేదక్కా. పోయి ఆడ చెప్పు."

కోర్టు సోమవారం దాకా తెరవరు. మధ్యలో ఒక ఆదివారం ఉంది. నా సంగతి నాకు తెలుసు కాబట్టి, రేపు రాత్రి కుమారి ఇంట్లోనే పడుకుంటానని చెప్పి వచ్చాను. ఆమె ఊ అనలేదు, వద్దు అనలేదు. సోమవారం పొద్దున బస్సు ఎక్కేదాకా ఆమె నన్ను కనిపెట్టుకుని ఉండాలి. దేవుడు చూస్తున్నాడన్న భయంతో ఒక్క అడుగు కూడా వేయలేకపోయాను. కుమారి చూస్తుంటే పోగలనేమో.

పోతే షరీఫ్ ఇంటికి వస్తాడు. ఇమ్మానుయేలు రాడు. చీనీకాయలు రెండూ గూట్లో ఎండి నల్లబడ్డాయి. ఇప్పుడే తీసి పారేశాను.